బొమ్మ రాజుది, గాటు షరాబుది

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇంటికి డాలర్లు పంపుతారు. సౌదీలోనో ఖతర్‌లోనో ఒమన్‌లోనో ఉన్నవాళ్లు రియాళ్లు పంపుతారు. ఈ రెండు డబ్బుల వంశవృక్షం పట్టుకుని వెనక్కి వెళితే చేరేది ఒకే నాణెం దగ్గరికి. స్పెయిన్ రాజుల ఏలుబడిలో మెక్సికోలోనూ, పెరూలోనూ, ఇప్పుడు బొలీవియా అంటున్న కొండ ప్రాంతంలోనూ దాదాపు మూడు శతాబ్దాల పాటు అచ్చయిన ఎనిమిది రియాళ్ల వెండి నాణెం అది. స్పానిష్‌లో రియాల్ అంటే రాచది అని అర్థం. అరబ్బు దేశాల రియాల్ ఆ మాటే. ఇంగ్లీషువాళ్లు మాత్రం తమకు అప్పటికే అలవాటైన జర్మన్ వెండి నాణెం థాలర్ పేరును దీనికి తగిలించి డాలర్ అన్నారు. 1792లో అమెరికా తన నాణేల చట్టం రాసుకున్నప్పుడు, డాలరంటే అప్పుడు చెలామణీలో ఉన్న స్పానిష్ డాలర్ విలువ కలది అని అందులోనే చెప్పుకుంది.

ఇంత పేరున్న నాణెం కదా, అద్దాల వెనక తప్ప కనిపించదేమో అనుకోనక్కర్లేదు. 18వ శతాబ్దం చివర ఒక్క మెక్సికో టంకశాలే ఏటా రెండు కోట్ల పెసోలకు పైగా విలువైన నాణేలు పోసింది. పెసో అన్నా ఎనిమిది రియాళ్లు అన్నా ఒకటే. అందుకే మామూలు తేదీల నాణేలు ఇప్పటికీ సాదాసీదా సేకర్తకు అందుబాటులో ఉన్నాయి. అయితే కొనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గీత పడకుండా, నిగనిగలాడుతూ, నిన్న అచ్చు వేసినట్టు ఉన్నదాని కోసం వెతుకుతారు. వేరే నాణేల విషయంలో అది సబబే కావచ్చు. ఈ నాణెం కథ మాత్రం దాని మెరుపులో కంటే దాని మీద పడిన దెబ్బల్లోనే ఎక్కువ ఉంది.

1806 నాటి మెక్సికో నాణెం ఒకటి అరచేతిలో పెట్టుకుంటే ముందు తెలిసేది బరువు. నిబంధన ప్రకారం 27 గ్రాములు. పాత విక్టోరియా రూపాయి సరిగ్గా తులం తూగేది కాబట్టి, మన లెక్కలో ఇది రెండు రూపాయల ఐదణాల ఎత్తు. వెడల్పు నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. బొమ్మ వైపు రోమన్ చక్రవర్తిలా తలకు ఆకుల దండ కట్టుకున్న స్పెయిన్ రాజు నాలుగో చార్లెస్ కుడివైపు చూస్తుంటాడు. చుట్టూ లాటిన్‌లో ‘కారోలస్’, దాని పక్కన నాలుగు నిలువు గీతలు, తర్వాత దైవకృప వల్ల అన్న మాట, కింద తేదీ. బొరుసు వైపు కిరీటం కింద డాలు. డాలులో కోటలు, సింహాలు. అవి కాస్టిల్, లియోన్ రాజ్యాల గుర్తులు. డాలుకు అటూ ఇటూ రెండు స్తంభాలు, వాటికి చుట్టిన పట్టీల మీద ‘ప్లస్ అల్ట్రా’, అంటే ఇంకా ఆవలికి. జిబ్రాల్టర్ జలసంధి దగ్గర హెర్క్యులీస్ నిలబెట్టాడని గ్రీకులు చెప్పుకున్న స్తంభాలవి. లోకం అక్కడితో సరి అనుకున్న కాలం పోయింది, మేం సముద్రం దాటాం అని స్పెయిన్ చేసుకున్న డాబు అది.

ఆ బొరుసు చుట్టూ రాసినది ఇంకా తమాషాగా ఉంటుంది. ‘హిస్పాన్ ఎట్ ఇండ్ రెక్స్’, అంటే స్పెయిన్‌కూ ఇండియాలకూ రాజు. మన ఇండియా కాదు. కొలంబస్ దారి తప్పి పెట్టిన పేరు స్పెయిన్ కార్యాలయాల్లో మూడు వందల ఏళ్లు అలాగే ఉండిపోయింది, అమెరికా ఖండం వాళ్లకు ‘ఇండియాలు’. నిజమైన ఇండియాలో ఒక్క ఊరు కూడా ఏలని రాజు పేరుతో ఈ నాణెం మన రేవుల్లో సంచులకొద్దీ దిగింది.

ఆ మాట తర్వాత వచ్చే చిన్న అక్షరాలే సేకర్తకు ఆయువుపట్టు. ఎమ్ అక్షరం నెత్తిన చిన్న సున్నా ఉంటే మెక్సికో టంకశాల. పీ, టీ, ఎస్ అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే పొటోసీ. లిమా, గ్వాటెమాలా, శాంటియాగోలకూ వేటి గుర్తు వాటికుంది. వాటి పక్కన ఉండే ఒకటి రెండు పొడి అక్షరాలు వెండి వన్నె, అంటే స్వచ్ఛత, చూసి సరే అన్న పరీక్షాధికారులవి. 1806 మెక్సికో నాణెం మీద టీ, హెచ్ ఉండాలి. ఆ అక్షరాలు అలంకారం కాదు, పూచీకత్తు. వన్నె తగ్గిందని తేలితే ఎవరి మెడ పట్టుకోవాలో నాణెమే చెబుతుంది. పొటోసీలో ఒకసారి నిజంగానే పట్టుకున్నారు.

పొటోసీ సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్లకు పైన ఉన్న ఊరు. 1545లో అక్కడి కొండలో వెండి బయటపడింది. ఆ కొండకు స్పానిష్‌వాళ్లు పెట్టిన పేరు సెర్రో రికో, సిరిగల కొండ. మరుసటి ఏడాదే మెక్సికోలో సకతేకాస్ గనులు తెరుచుకున్నాయి. రాయిలో వెండి ఉండటం వేరు, దాన్ని బయటికి లాగడం వేరు. మొదట్లో కొలిమిలో కరిగించేవారు. మంచి ఖనిజం అయిపోయి, కట్టెలూ అయిపోయాక ఆ పద్ధతి కిట్టుబాటు కాలేదు. 1554 ప్రాంతంలో బర్తోలోమే దె మెదీనా అనే వ్యాపారి మెక్సికోలోని పచూకాలో పాదరసం పద్ధతిని పట్టాలెక్కించాడు. ఖనిజాన్ని పిండి చేసి, ఉప్పు, రాగి లవణం, పాదరసం కలిపి, బండపరుపు ముంగిట్లో బురదలా పరిచి వారాల తరబడి తొక్కించేవారు. వెండి పాదరసాన్ని అంటుకునేది. తర్వాత వేడి చేస్తే పాదరసం ఆవిరై వెండి మిగిలేది. పొటోసీకి కావలసిన పాదరసం పెరూలోని వాంకావెలికా గనుల నుంచి వచ్చేది. ఆ గనిలో పనిచేసినవాళ్ల ఒంట్లోకి అది విషంలా ఎక్కేది.

పనిచేసింది ఎవరన్నది నాణెం మీద ఎక్కడా రాసి ఉండదు. 1570ల్లో వైస్రాయ్ ఫ్రాన్సిస్కో దె తొలేదో ‘మితా’ అనే వెట్టి పద్ధతిని చట్టం చేశాడు. చుట్టుపక్కల రాష్ట్రాల ఆదివాసీ ఊళ్లు తమ మగవాళ్లలో వంతుల వారీగా కొందరిని ఏడాదికోసారి పొటోసీకి పంపాలి. తొలి లెక్క ప్రకారం ఏటా పదమూడు వేల మందికి పైగా వచ్చేవారు, కొందరు నెలల తరబడి నడిచి. ఈ వెట్టిని రద్దు చేసింది 1812లో. అప్పటికి నాణెం రోజులే దగ్గర పడ్డాయి.

అచ్చు వేసే పని 1536లో మెక్సికో నగరంలో మొదలైంది, తర్వాత లిమాలో, 1570ల్లో పొటోసీలో. ఎనిమిది రియాళ్ల నాణెం తొలి రెండు శతాబ్దాల్లో గుండ్రంగా కూడా ఉండేది కాదు. వెండి కడ్డీని ముక్కలుగా కోసి, బరువు ఎక్కువైతే అంచులు కత్తెరతో తీసేసి, రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో ఒక్క పోటు. వాటిని స్పానిష్‌లో ‘మకుకీనా’ అంటారు. ఒకదాంట్లో శిలువ కనిపిస్తుంది కానీ తేదీ ఉండదు, ఇంకోదాంట్లో తేదీలో సగం అంచు బయటికి జారిపోతుంది. అందం ఎవరికీ పట్టలేదు. రాజుకు అయిదో వంతు ముట్టాలి, ఓడల బారు బయలుదేరే లోపు వెండి లెక్క తేలాలి. యూరప్ చేరాక ఎటూ కరిగిస్తారు. ప్రయాణం కోసం కట్టిన మూటలే అవి. అందుకే తేదీ, టంకశాల గుర్తు, పరీక్షాధికారి అక్షరం మూడూ నిండుగా ఉన్న మకుకీనా దొరికితే సేకర్తలు ఎగిరి గంతేస్తారు.

అంచులు వంకర ఉన్న నాణెంలో మోసం సులువు. కొంచెం కత్తిరించుకున్నా ఎవరూ పట్టలేరు. కానీ పొటోసీలో జరిగింది అంచు దొంగతనం కాదు, ఇంటిదొంగతనం. 1640ల్లో అక్కడి నాణేల్లో వెండి తక్కువగా, రాగి ఎక్కువగా ఉందని యూరప్‌లో గగ్గోలు పుట్టింది. జెనోవా బ్యాంకర్లు, ఆంట్వెర్ప్ వర్తకులు పొటోసీ డబ్బు అంటే మొహం తిప్పుకున్నారు. రాజు నాలుగో ఫిలిప్ పంపిన విచారణాధికారి ఫ్రాన్సిస్కో దె నెస్తారెస్ మరీన్ తవ్వి చూస్తే వెండి వర్తకులూ టంకశాల పరీక్షాధికారులూ కుమ్మక్కయిన సంగతి తేలింది. ఊళ్లో పెద్ద ధనవంతుడు ఫ్రాన్సిస్కో గోమెజ్ దె లా రోచాకు 1650లో మరణశిక్ష పడింది. పరీక్షాధికారి రామిరెజ్ దె అరెయానోదీ అదే గతి. తిరుగుతున్న కల్తీ నాణేల విలువ తగ్గించి, తగ్గించినట్టు తెలియడానికి చిన్న కిరీటం ముద్ర కొట్టారు. 1652లో బొమ్మే మార్చేశారు, స్తంభాలు, వాటి కింద అలలు వచ్చాయి. పాత బొమ్మ చూడగానే జనం చెయ్యి వెనక్కి తీసుకునే పరిస్థితిలో కొత్త బొమ్మ తప్ప గతి లేదు. కిరీటం కొట్టిన ఆ కల్తీ నాణేలను ఇప్పుడు ‘రోచా’ పేరుతోనే వెతికి మరీ కొంటారు, మంచి వెండి నాణెం కంటే ఎక్కువ ఇచ్చి. 17వ శతాబ్దపు ఆర్థిక నేరానికి ఇంతకంటే తూకం వేయదగ్గ సాక్ష్యం ఇంకెక్కడ దొరుకుతుంది?

1732లో మెక్సికోలో యంత్రం మీద అచ్చు వేసిన గుండ్రటి నాణెం వచ్చింది. రెండు అర్ధగోళాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, పైన కిరీటం, అటూ ఇటూ స్తంభాలు, కింద సముద్రపు అలలు. చుట్టూ ‘ఉత్రాక్వే ఊనుమ్’, రెండూ ఒకటే అని. పాత లోకం, కొత్త లోకం ఒకే రాజువని భావం. దీన్ని ‘కొలుమ్నారియో’, స్తంభాల నాణెం అంటారు. ఈ వరుసలో ఇదే అందమైనదని చాలామంది అభిప్రాయం, కాదనడానికి కారణం లేదు. అందం కంటే పనికొచ్చింది అంచు. చుట్టూ ఆకుల నగిషీ పెట్టారు కాబట్టి ఎవరైనా గీరినా కత్తిరించినా ఇట్టే తెలిసిపోతుంది. 1772 నుంచి రాజు ముఖం ఎక్కింది, అంచు నగిషీ వృత్తం, దీర్ఘచతురస్రం, మళ్లీ వృత్తంగా మారింది.

ముఖం ఎక్కిన ఏడాదే వన్నె దిగింది. 1497లో రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్దినాండ్ పెట్టిన కొలత ప్రకారం వెండి 93 శాతం. 1729కల్లా అది 91.7కు వచ్చింది, బాహాటంగానే. 1772లో 90.3కు, 1786లో 89.6కు తగ్గించింది మాత్రం రహస్య ఆజ్ఞలతో. బరువు అదే, బొమ్మ కొత్తది, వెండి తక్కువ. రాజులు రహస్యంగా చేసినదాన్ని గీటురాయి ఉన్నవాడు ఎంతకాలం కనిపెట్టకుండా ఉంటాడు? అయినా నాణెం పరువు పోలేదు. కారణం నిజాయితీ కాదు, పోలిక. పక్క రాజ్యాల నాణేలు ఇంతకంటే ఎక్కువగా, ఇంతకంటే తరచుగా పడిపోతుండేవి. మూడు వందల ఏళ్లలో వన్నె నాలుగు శాతం కూడా తగ్గకపోవడం ఆ కాలానికి స్థిరత్వమే.

ఆ పరువు ఎంతటిదో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి పుట్టగానే అనుభవమైంది. తొలి ఓడలు 1601లో బయలుదేరే ముందు, ఎలిజబెత్ రాణి బొమ్మతో, స్పానిష్ నాణెం బరువుకు సరితూగేలా లండన్‌లో ప్రత్యేకంగా నాణేలు కొట్టించారు. శత్రుదేశం డబ్బు మోసుకెళ్లడం నామోషీ అనిపించింది కాబోలు. తూర్పు రేవుల్లో వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. మళ్లీ ఆ ప్రయత్నం చేయలేదు, స్పానిష్ రియాళ్లే కొని పట్టుకెళ్లారు.

మన తీరానికి ఈ వెండి రెండు దారుల్లో వచ్చింది. పడమటి దారి తెలిసినదే. స్పెయిన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కో లండన్‌కో చేరి, అక్కడి నుంచి ఆఫ్రికా చుట్టి వచ్చే ఓడల్లో. 17వ శతాబ్దం తొలి పదేళ్లలో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో కొట్లు తెరిచారు. వాళ్లకు కావలసింది తీరాంధ్ర నేత బట్ట, అద్దకం బట్ట. యూరప్ సరుకు ఏదీ ఇక్కడివాళ్లకు అంతగా అక్కర్లేదు, వెండి తప్ప. తూర్పు దారి మెక్సికో పడమటి తీరంలోని అకాపుల్కో నుంచి ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు. 1565 నుంచి 1815 దాకా రెండున్నర శతాబ్దాల పాటు ఆ దారిలో స్పానిష్ ఓడలు తిరిగాయి. మద్రాసు వర్తకులు కోరమాండల్ బట్టను మనీలాకు పంపి, అక్కడి నుంచి పెసోలు తెచ్చుకునేవారు. స్పానిష్‌వాళ్లు ఇంగ్లీషు ఓడల్ని రానివ్వరు కాబట్టి ఆర్మేనియన్ల పేరు మీద సరుకు వెళ్లేది. 1762లో ఇంగ్లీషు సేన మనీలాను పట్టుకుని నలభై లక్షల పెసోల విమోచన ధనం అడిగింది, ఆ సేన ఓడ ఎక్కింది మద్రాసులోనే.

రేవులో దిగిన నాణెం ఇక్కడ డబ్బు కాదు, సరుకు. గోల్కొండ సుల్తానుల కాలంలో పెద్ద లెక్కలన్నీ బంగారు వరహాల్లో నడిచేవి. మొగలుల కిందికి వచ్చాక రూపాయి కావాలి. కంపెనీ గుమాస్తా రియాళ్ల సంచిని ముందు షరాబు ముందు పెట్టాలి. షరాబుకు స్పెయిన్ రాజు ఎవరో తెలియనక్కర్లేదు. కాటా, గీటురాయి, నాణెం రాతి మీద పడ్డప్పుడు వచ్చే ఖంగుమనే మోత, అనుమానం వస్తే ఉలితో ఒక గాటు. తరుగు పోను ఇంత అని ధర కట్టేవాడు. తర్వాత ఆ వెండి టంకశాలలో కరిగి రూపాయలయ్యేది. మన దగ్గర పాత స్పానిష్ నాణేలు అంతగా కనపడకపోవడానికి కారణం అవి రాకపోవడం కాదు, వచ్చినవన్నీ కరిగిపోవడం.

చైనాలో అలా కాలేదు. అక్కడ మింగ్ చక్రవర్తులు 16వ శతాబ్దంలో పన్నులు వెండిలో కట్టించుకోవడం మొదలుపెట్టాక దేశం మొత్తానికి వెండి దాహం పట్టుకుంది. బంగారంతో పోలిస్తే వెండి ధర యూరప్‌లో కంటే చైనాలో దాదాపు రెట్టింపు. మెక్సికో వెండి నీరు పల్లమెరిగినట్టు అటే పారింది. దక్షిణ చైనా రేవు కాంటన్‌లో నాణేన్ని కరిగించకుండా అలాగే వాడారు, కాకపోతే చేతులు మారినప్పుడల్లా వర్తకుడు తన గుర్తు అక్షరాన్ని దాని మీద కొట్టేవాడు. ఇది నేను చూశాను, మంచిదే అని. ఒకటి, రెండు, పది, ఇరవై ముద్రలు పడి, రాజు ముఖం చితికిపోయి, నాణెం గిన్నెలా సొట్టపోయేది. చివరికి ముక్కలై తూకానికి అమ్ముడయ్యేది. నాణెం పరీక్షించే ఆ కాంటన్ నిపుణుల్ని ఇంగ్లీషువాళ్లు ఏమని పిలిచారు? ‘ష్రాఫ్’ అని. మన షరాబే. అరబ్బీ ‘సర్రాఫ్’ నుంచి హిందుస్తానీ మీదుగా ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి చైనా తీరానికి వెళ్లిన మాట. హాంకాంగ్‌లో కారు పార్కింగ్ డబ్బులు కట్టే కిటికీ మీద ఇప్పటికీ ఆ మాటే ఉంటుంది.

చైనావాళ్లు ఈ నాణేలకు పెట్టుకున్న పేర్లు కూడా చూడదగ్గవి. రెండు స్తంభాలున్నది జంట స్తంభాలది. ఉంగరాల జుట్టు రాజు ముఖం ఉన్నది బుద్ధుడి తలది. రాజు పేరు పక్కన ఉండే నిలువు గీతలు తమ లిపిలో ‘పని’ అనే అక్షరంలా కనిపించాయి కాబట్టి మూడో చార్లెస్‌ది మూడు పనులు, నాలుగో చార్లెస్‌ది నాలుగు పనులు. టంకశాలలు ఆ రాజుల నాణేలు ఆపేసి, మెక్సికో 1821లో స్వతంత్రమై గద్ద బొమ్మతో కొత్త పెసోలు కొట్టాక కూడా, ఇంచుమించు అంతే వెండి ఉన్న ఆ కొత్తవాటి కంటే పాత చార్లెస్ నాణేలకే అక్కడ ఎక్కువ ధర పలికింది. వెండి విలువకు మించి అలవాటుకు ఇచ్చిన ధర అది.

అమెరికాలో ముద్రలు కొట్టలేదు, ముక్కలు చేశారు. చిల్లర లేనప్పుడు నాణేన్ని ఉలితో ఎనిమిది చెక్కలు చేసేవారు, ఒక్కో చెక్క ఒక రియాల్, వాళ్ల మాటలో ‘బిట్’. రూపాయికి ఎనిమిది బేడలు ఉన్నట్టే డాలరుకు ఎనిమిది బిట్లు. రెండు బేడలు పావలా, రెండు బిట్లు క్వార్టర్. అమెరికన్ పెద్దవాళ్లు క్వార్టర్‌ను ఇప్పటికీ ‘టూ బిట్స్’ అనడం అందుకే. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో షేర్ల ధరలు 1997 దాకా డాలరులో ఎనిమిదో వంతుల్లోనే పలికేవారు. స్పానిష్ నాణెం అమెరికాలో చట్టబద్ధంగా చెల్లడం మాత్రం 1857తో ఆగిపోయింది. డాలరు గుర్తు పొటోసీ టంకశాల ముద్ర నుంచి వచ్చిందన్న కథ వినడానికి బాగుంటుంది, కానీ ‘పెసోలు’ అన్న మాటకు లెక్కల పుస్తకాల్లో పొట్టిగా రాసుకున్న పీ, ఎస్ అక్షరాలు కలిసిపోయి పుట్టిందన్న వాదనకే ఆధారాలు గట్టిగా ఉన్నాయి.

బ్రిటన్ చేసింది మరో వింత. 1797లో వెండి కొరత వచ్చినప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన దగ్గరున్న స్పానిష్ నాణేల మీద, చార్లెస్ మెడ దగ్గర, మూడో జార్జి తల చిన్న ముద్రగా కొట్టి వదిలింది. వీటిని చూసి జనం చేసిన వేళాకోళం తక్కువేమీ కాదు. ఆస్ట్రేలియాది ఇంకో మెట్టు పైన. న్యూ సౌత్ వేల్స్‌లో నాణెం నిలవడం లేదు, వచ్చిన డబ్బు వచ్చినట్టే ఓడలెక్కి పోతోంది. 1812లో నలభై వేల స్పానిష్ డాలర్లు అక్కడ దిగాయి. అవి వచ్చింది మద్రాసు నుంచి. గవర్నర్ మెక్వారీ ప్రతి నాణెం మధ్యలో రంధ్రం కొట్టించాడు. అంచు ఉంగరం అయిదు షిల్లింగులు, మధ్య బిళ్ల పదిహేను పెన్నీలు. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. ఒక్కోటి అయిదు షిల్లింగులు పెట్టి తెచ్చిన నాణెం అలా ఆరు షిల్లింగుల మూడు పెన్నీలైంది, పైగా చిల్లుపడ్డదాన్ని బయట ఎవరూ తీసుకోరు కాబట్టి ఊళ్లోనే ఉండిపోయింది. ఆ పని అప్పగించింది విలియం హెన్షాల్‌కు. దొంగ నాణేలు చేసి శిక్షపడి ఆస్ట్రేలియా చేరినవాడు, పనివాడు! ఇప్పుడు ఆ చిల్లు డాలర్లు మూడు వందలకు మించి కనిపించవు, ధర సామాన్యుల ఊహకు అందదు.

వీటన్నిటి తర్వాత సేకర్త బల్ల మీద ఉన్న నాణెం వైపు చూస్తే గాటు, ముద్ర, చిల్లు వేరేగా కనిపిస్తాయి. ఒకప్పుడు చైనా ముద్రలున్న నాణేన్ని పాడైనదిగా లెక్కగట్టి చవగ్గా ఇచ్చేసేవారు. ఇప్పుడు ఆ ముద్రల కోసమే సేకరించేవాళ్లున్నారు. అయితే గాటుకూ గాయానికీ తేడా తెలియాలి. గొలుసులో వేసుకోవడానికి కొక్కెం అతికించి ఊడదీసిన మచ్చ, ఎవరో తోమి తోమి అరగదీసిన మొహం చరిత్ర కాదు, నష్టమే. మన ఇళ్లలో వెండి కనపడితే చింతపండో విబూదో పట్టుకుని బయలుదేరే అలవాటుంది. కుంకుమభరిణెకు సరే, నాణేనికి వద్దు. రెండు వందల ఏళ్లలో ఏర్పడిన నల్లటి పొర ఒక్క పూటలో పోతుంది, దాంతోపాటు ధరలో సగం కూడా.

నకిలీల బెడద పాతదే. 1845లోనే న్యూ ఆర్లీన్స్ టంకశాలలో పనిచేసిన జాన్ రిడెల్ వందలకొద్దీ అసలు, నకిలీ డాలర్లను పరీక్షించి పుస్తకం వేశాడు. ఆ కాలంలో రాగి మీద వెండి పూత పూసి చెలామణీ చేసిన నకిలీలకు ఇప్పుడు సేకరణ విలువ కూడా ఉంది. నిన్నమొన్న కార్ఖానాలో పోతపోసినవాటికి లేదు. తేడా పట్టడానికి ఇంట్లో ఉన్న సామాను చాలు. చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద సగం నీళ్ల గ్లాసు పెట్టి, సున్నాకు తెచ్చి, దారంతో కట్టిన నాణేన్ని అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్లలో ముంచితే, కాటా చూపే అంకె 2.6 గ్రాముల దగ్గర ఉండాలి. ఈ వన్నె వెండి నీటికి పదింతల చిల్లర బరువు కాబట్టి 27 గ్రాముల నాణెం అంతే నీటిని తోస్తుంది. ఇత్తడిదైతే 3.2 దాకా వెళుతుంది. తర్వాత అంచు. రాజు ముఖం ఉన్న నాణేల అంచు నగిషీని రెండు పట్టీల మధ్య దొర్లించి వేసేవారు, అందుకని ఎదురెదురుగా రెండు చోట్ల వృత్తాలూ చతురస్రాలూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కనిపిస్తాయి. చుట్టూ ఎక్కడా తడబాటు లేని అంచు కనపడితే అనుమానించాలి.

తేదీ, రాజు పేరు పొంతన కుదరకపోతే నకిలీ అనుకోవచ్చు, కానీ తొందరపడకూడదు. మూడో చార్లెస్ 1788 డిసెంబరులో పోయాడు. కొత్త రాజు ముఖం చెక్కిన అచ్చులు సముద్రం దాటి వచ్చే దాకా పని ఆగదు కదా. 1789, 1790 నాణేల మీద పేరు కొడుకుది, ముఖం తండ్రిది. 1808లో ఏడో ఫెర్దినాండ్ రాజైతే మెక్సికోకు అతని బొమ్మే చేరలేదు. కవచం తొడిగిన ఊహాముఖం ఒకటి చెక్కి కానిచ్చేశారు. ఇవన్నీ అసలువే.

సముద్రంలో దొరికినవి వేరే కుటుంబం. వెరక్రూజ్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు నాణేలతో బయలుదేరి 1784లో మునిగిన ఎల్ కసదోర్ ఓడను 1993లో చేపల వల పట్టిచ్చింది. అందులో చాలా నాణేలు 1783 నాటివి, ఉప్పునీటికి కొరుక్కుపోయి ఉంటాయి. 1804లో పేలిపోయిన స్పానిష్ ఓడ మెర్సెదెస్‌లోని అయిదు లక్షలకు పైగా నాణేలను ఒక అమెరికా కంపెనీ 2007లో పైకి తీస్తే, కోర్టు తీర్పుతో 2012లో అవి స్పెయిన్ చేరాయి. ఓడ పేరు చెప్పి అమ్మేవాటికి ఆ ఓడదేనన్న పత్రం లేకపోతే అది తుప్పు పట్టిన మామూలు నాణెమే. మన దేశంలో ఉన్న సేకర్తకు ఇంకో సంగతి. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అమెరికాలో ఉన్న అబ్బాయికి బహుమతిగా పంపుదామన్నా సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు.

తెలుగు సేకర్త వెతకదగ్గ ముక్క ఒకటుంది, దాని మీద స్పెయిన్ పేరు ఉండదు. 1807, 1808 సంవత్సరాల్లో మద్రాసు టంకశాల స్పానిష్ డాలర్ల వెండితో అర వరహా, పావు వరహా నాణేలు కొట్టింది. వరహా అంటే అంతవరకూ బంగారం, ఇక్కడ దాని భాగాలు వెండిలోకి దిగాయి. ఒక వైపు గుడి గోపురం, చుట్టూ నక్షత్రాలు, ఇంగ్లీషు, పారశీక అక్షరాలు. రెండో వైపు చుక్కల వలయంలో విష్ణుమూర్తి, చుట్టూ నాణెం విలువ తమిళంలో, తెలుగులో. కొన్నిటి విషయంలో వెండిని కరిగించే ఓపిక కూడా లేకపోయింది, డాలరు మీదే కొత్త అచ్చు వేసేశారు. అలాంటిది చేతికొస్తే దీపం కింద పక్కకు వంచి చూడాలి. తెలుగు అక్షరాల సందుల్లో, గోపురం అంతస్తుల మధ్య, పూర్తిగా అణగని పాత గీతలు లేస్తాయి. ఒక దాంట్లో లాటిన్ అక్షరం తోక, ఇంకో దాంట్లో రాజు జుట్టు వంపు.